మీ అమ్మాయి పరుగుపందెంలో ఉందా?

పి.టి. ఉష పేరు వినని ఇల్లు మన దేశంలో బహుశా ఉండదు. కాస్త వడివడిగా నడిచే ఆడపిల్లను చూసి "ఏమిటే, పి.టి. ఉషవనుకుంటున్నావా?" అని అమ్మమ్మలు ఇప్పటికీ అంటూనే ఉంటారు. ఆమె ఎన్ని పతకాలు గెలిచిందో పత్రికలు చాలాసార్లు రాశాయి. ఆ పరుగును ఆమె ఒళ్ళు ఎలా మోసింది, ఎక్కడ మొరాయించింది, తరవాత తానే కోచ్‌గా మారి పిల్లల్ని పెంచేటప్పుడు ఆ అనుభవం ఎందుకు అక్కరకొచ్చింది అన్న సంగతి మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఇంట్లో పరుగెత్తే ఆడపిల్ల ఉన్న తల్లిదండ్రులకు కావలసింది ఆ సంగతే. అందుకని ఈ వారం జ్వరాలనూ దగ్గులనూ కాస్త పక్కన పెడదాం.

ఉష 1964 జూన్ 27న కేరళలోని కోజికోడ్ జిల్లాలో పుట్టింది. పెరిగింది పయ్యోలిలో. చిన్నతనంలో ఆమె ఆరోగ్యం అంతంత మాత్రమే. 1976లో కేరళ ప్రభుత్వం కణ్ణూరులో ఆడపిల్లల కోసం క్రీడా పాఠశాల పెట్టినప్పుడు, నెలకు 250 రూపాయల ఉపకార వేతనంతో అందులో చేరింది. కోచ్ ఓ.ఎం. నంబియార్ ఆమెలో మొదట గమనించింది సన్నటి ఒళ్ళు, చురుకైన నడక.

ఇక్కడ ఒక మాట. సన్నగా ఉండడం వేరు, బక్కచిక్కి ఉండడం వేరు. సన్నగా ఉన్నా ఎదిగే పిల్ల ఏటా పొడుగవుతుంది, బరువు పెరుగుతుంది, సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా గెంతుతుంది. బక్కచిక్కిన పిల్ల ఆరునెలలైనా అదే గౌనులో ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి గోడకు జేరబడుతుంది. ఇంటి తలుపు మీద పెన్సిలుతో గీత గీసి ఆరునెలలకోసారి పొడుగు కొలిస్తే చాలు, ఈ తేడా మీకే తెలుస్తుంది. దీనికి డాక్టరు అక్కర్లేదు.

1980లో మాస్కో ఒలింపిక్స్‌కు వెళ్ళేనాటికి ఉషకు పదహారేళ్ళు. 100 మీటర్ల పరుగులో మొదటి దశలోనే వెనక్కి వచ్చింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లలో రెండు రజతాలు గెలిచింది. మరో రెండేళ్ళకు లాస్ ఏంజెలెస్. ఆడవాళ్ళకు 400 మీటర్ల హర్డిల్స్ ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదలు. రెండున్నర అడుగుల ఎత్తున పది అడ్డంకులు, మైదానం చుట్టూ ఒక పూర్తి చుట్టు. సెమీ ఫైనల్లో ఉష అందరికంటే ముందు వచ్చింది. 1984 ఆగస్టు 8న జరిగిన ఫైనల్లో మూడో స్థానం వచ్చిన రుమేనియా అమ్మాయి కొజొకారుకు 55.41 సెకన్లు పట్టింది, ఉషకు 55.42.

సెకనులో నూరో వంతు అంటే ఎంత? ఆ వేగానికి లెక్క కడితే ఏడు సెంటీమీటర్లు. మన పాత కొలతలో చెప్పాలంటే బెత్తెడు. నాలుగు వేళ్ళు పక్కపక్కన పెట్టినంత మేర.

గంజి, మామిడికాయ ఊరగాయ

ఆ బెత్తెడు ఎక్కడ పోయింది? గీత దగ్గర ఛాతీని ముందుకు వంచి పడాల్సింది, వంచలేదు అన్నారు. హర్డిల్స్‌లో ఆమెకు అనుభవం తక్కువ అన్నారు. రెండూ నిజమే. చాలా ఏళ్ళ తరవాత ఉష మరో సంగతి చెప్పింది. అక్కడి ఒలింపిక్ గ్రామంలో పెట్టే తిండి తనకు సయించక, గంజిలో లేత మామిడికాయ ఊరగాయ నంచుకుని రోజులు గడిపిందట. చివరి ముప్ఫై అయిదు మీటర్లలో సత్తువ చాలకపోవడానికి అదే కారణమని ఆమె అభిప్రాయం.

డాక్టరుగా నన్నడిగితే, ఒక్క గంజి వల్లే పతకం పోయిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. కాని ఆమె మాటలో వైద్యశాస్త్రానికి విరుద్ధమైనదేమీ లేదు. నాలుగువందల మీటర్ల పరుగులో మొదటి ఏడెనిమిది సెకన్లు కండరంలో అప్పటికే సిద్ధంగా ఉన్న శక్తితో గడిచిపోతాయి. ఆ తరవాత కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిలవను తగినంత ప్రాణవాయువు లేకుండానే హడావిడిగా మండించాల్సి వస్తుంది. దాంతో కండరంలో ఆమ్లం పేరుకుంటుంది. ఆఖరి మలుపు తిరిగాక కాళ్ళకు ఇసుక బస్తాలు కట్టినట్టు ఉంటుందని పరుగెత్తేవాళ్ళు అనేది ఇందుకే. ఆ నిలవ ఒక్క పూట భోజనంతో నిండేది కాదు, ఒకటి రెండు రోజుల కడుపునిండా తిండితో నిండేది. పలచటి గంజిలో నీళ్ళే ఎక్కువ, పిండిపదార్థం తక్కువ. రోజంతా అలిసిన కండరాన్ని మరమ్మతు చేసే మాంసకృత్తులు దాదాపు లేనట్టే.

మన ఇళ్ళలో పరుగెత్తే పిల్ల తిండి ఇంతకంటే మెరుగ్గా ఉందా? పొద్దున ఆరింటికి గ్రౌండు, ఏడున్నరకు బస్సు. మధ్యలో టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, చారు, వేపుడు. రాత్రి మళ్ళీ అన్నం, పచ్చడి, మజ్జిగ. కడుపు నిండుతుంది, కండరం నిండదు. 45 కిలోల బరువుండి రోజూ పరుగెత్తే పిల్లకు రోజుకు 55 నుంచి 70 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. ఇదేమీ అందని లెక్క కాదు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరు, గుప్పెడు వేరుశనగ పప్పుల్లో ఏడు, రెండు పెద్ద గరిటెల ముద్దపప్పులో మరో ఏడు, మిగిలింది అన్నం, ఇడ్లీ, పెరుగు, పూటకో చేపముక్కో శనగల కూరో పూడుస్తాయి. డబ్బాల్లో అమ్మే పొడుల అవసరం లేదు. కోచ్ ఇచ్చాడని, జిమ్ములో దొరికిందని లేబులు సరిగా లేని పొడులు పెట్టకండి. వాటిలో నిషేధించిన మందులు కలిసి ఉండి, ఏ పాపం ఎరగని పిల్లలు డోపింగ్ పరీక్షలో దొరికిపోయే ప్రమాదం ఉంది.

కళ్ళు తిరిగితే బద్ధకం కాదు

నాలుగేళ్ళ క్రితం మా ఆస్పత్రి ఓ.పి.కి ఒకాయన తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని తీసుకొచ్చాడు. "డాక్టరుగారూ, మా పిల్ల జిల్లా పోటీల్లో రెండోది వచ్చిందండీ. ఈమధ్య గ్రౌండులో కళ్ళు తిరుగుతున్నాయంటోంది. వాళ్ళ సారేమో బద్ధకం పెరిగిందంటున్నారు" అన్నాడు. పిల్ల కనురెప్ప కిందకి లాగి చూస్తే తెల్లగా ఉంది. హెమోగ్లోబిన్ 8.2 గ్రాములు. ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి.

"బడిలో నీలం బిళ్ళలు ఇస్తున్నారా అమ్మా?" అని అడిగాను.

తలవంచుకుని "కడుపులో తిప్పుతుందని కంపాస్ పెట్టెలో పెట్టేస్తున్నాను సార్" అంది.

గుండె పరీక్షించి, ఇ.సి.జి. తీయించి, నులిపురుగులకు ఆల్బెండజోల్ ఇచ్చి, రోజూ అన్నం తిన్నాక వేసుకునేటట్టు ఇనుము బిళ్ళలు రాశాను. మూడు నెలలకు 11.6కు వచ్చింది. బద్ధకం దానంతటదే పోయింది.

ఇది ఏ ఒక్క పిల్ల కథో కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే పోటీలో వరసలో నిలబడ్డ ప్రతి పదిమందిలో అయిదారుగురు సగం పెట్రోలుతో బయల్దేరుతున్నారన్నమాట. ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలం బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పెడుతుంది కాబట్టి భోజనం తరవాత వేసుకోమనండి. మలం నల్లగా వస్తే భయపడకండి, అది ఇనుము రంగే. బిళ్ళకూ టీకీ మధ్య గంటైనా ఎడం ఉండాలి, లేకపోతే ఇనుమంతా టీలోనే కట్టుబడిపోతుంది. గోంగూర తింటే రక్తం పడుతుందని మనవాళ్ళ నమ్మకం. అందులో ఇనుము ఉన్న మాట నిజమే కాని, ఒంటికి పట్టేది కొద్దిపాటే. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే కాస్త ఎక్కువ పడుతుంది. మాంసం, చేపలు తినే ఇళ్ళలో ఆడపిల్లకు కూడా ముక్కలు పడుతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి. మగపిల్లాడి కంచంలోకి పోగా మిగిలిన పులుసు పోసే ఇళ్ళు నేను చాలా చూశాను.

ఒక హెచ్చరిక. పరుగెత్తుతూ ఉండగానే స్పృహ తప్పి పడిపోయినా, పరుగులో ఛాతీనొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, అది రక్తహీనతే అయి ఉంటుందిలే అనుకోకండి. గుండె పరీక్ష అయ్యేదాకా పిల్లను గ్రౌండుకు పంపవద్దు.

నెలసరి సంగతి

తల్లులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆ రోజుల్లో పరుగెత్తొచ్చాండీ?" నిక్షేపంగా పరుగెత్తవచ్చు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఆ ఒక్కరోజు తగ్గించుకోవచ్చు. అంతే. గర్భసంచి జారుతుందనీ, పిల్లలు పుట్టరనీ చెప్పే మాటలకు ఆధారం లేదు. పోటీ ఉందని మందుల షాపులో అడిగి నెలసరి వాయిదా బిళ్ళలు కొని వేయడం మాత్రం మంచిది కాదు. డాక్టరు చెబితే తప్ప వాటి జోలికి పోవద్దు.

అసలు భయపడాల్సింది నెలసరి రావడం గురించి కాదు, రాకపోవడం గురించి. గట్టిగా సాధన చేసే పిల్లకు వరసగా మూడు నెలలు రాకపోతే "పోనీలే, సుఖంగా ఉంది" అనుకునే తల్లులున్నారు. తినేదానికంటే ఖర్చు ఎక్కువైనప్పుడు శరీరం ముందుగా కట్టేసే దుకాణం అదే. దానితోపాటు ఎముకల్లో సున్నం పడడం కూడా మందగిస్తుంది. ఎముక గట్టిపడే వయసే అది. ఇప్పుడు పడని సున్నం నలభయ్యో ఏట పడదు. పదిహేనేళ్ళు నిండినా రజస్వల కాని పిల్లనూ, మూడు నెలలు నెలసరి ఆగిన పిల్లనూ డాక్టరుకు చూపించండి.

మడమ

లాస్ ఏంజెలెస్ తరవాత ఉష ఆగలేదు. 1985 జకార్తా ఆసియా ఛాంపియన్‌షిప్‌లో అయిదు స్వర్ణాలు, ఒక కాంస్యం. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు, ఒక రజతం. ఇన్ని పోటీలు ఒక మనిషి పరుగెత్తిందంటే ఇప్పటి కోచ్‌లు గుండెలు బాదుకుంటారు. 1988లో అదే సియోల్‌లో ఒలింపిక్స్ వచ్చేసరికి మడమ గాయం. హీట్స్‌లోనే ఆమె పరుగు ముగిసింది.

మడమ సంగతి మీ ఇంట్లోనూ ఎదురుకావచ్చు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పిల్లలకు మడమ వెనక నొప్పి రావడం మామూలే. అక్కడ ఎముక ఇంకా ఎదుగుతూ ఉంటుంది. పిక్కనుంచి వచ్చే లావాటి నరంలాంటి స్నాయువు దాన్ని పరుగులో ప్రతి అడుగుకూ గుంజుతుంది. కొన్ని వారాలు పరుగు తగ్గించి, సాధన అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు పదినిమిషాలు పెట్టి, బూటులో మెత్తటి మడమపట్టీ వేసి, పిక్కల్ని సాగదీసే వ్యాయామం చేయిస్తే తగ్గిపోతుంది. నొప్పి మీదే పరుగెత్తించడం, నాటువైద్యుడి దగ్గర గట్టిగా పట్టించడం, స్నాయువులోకి స్టెరాయిడ్ సూది పొడిపించడం, ఈ మూడూ పనికిరావు. ఒకే చోట వేలు పెడితే కళ్ళనీళ్ళు తిరిగేంత నొప్పి ఉన్నా, విశ్రాంతిలో, రాత్రిపూట కూడా బాధిస్తున్నా ఎముకలో సన్నటి చీలిక ఉందేమో చూడాలి. మొదటి రెండు వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్న ధైర్యంతో మళ్ళీ గ్రౌండుకు పంపకండి.

ఉష 1991లో పెళ్ళి చేసుకుంది. కొడుకు పుట్టాక తిరిగి పరుగు మొదలుపెట్టి, 1998లో ముప్ఫై నాలుగేళ్ళ వయసులో ఫుకువోకా ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 200, 400 మీటర్లు రెండింటిలోనూ కాంస్యాలు తెచ్చుకుంది, రిలేలో స్వర్ణం కూడా. బాలింతను మూడు నెలలు మంచం దిగనివ్వకుండా, కూరలు పెట్టకుండా, మంచినీళ్ళు కూడా కొలిచి పోసే పథ్యాల ఇళ్ళవాళ్ళు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలి. కాన్పు సుఖంగా జరిగితే కొద్దిరోజుల్లోనే నడక మొదలుపెట్టవచ్చు. పరుగు మాత్రం మూడు నెలలు ఆగాలి, కటి కండరాలు బిగిశాక.

కోచ్ ఉష

2000లో పరుగు ఆపేసిన ఉష, 2002లో కొయిలాండిలో ఆడపిల్లల కోసం అథ్లెటిక్స్ పాఠశాల తెరిచింది. తరవాత బాలుస్సేరి దగ్గర కినాలూరులో ప్రభుత్వం ఇచ్చిన ముప్ఫై ఎకరాల్లోకి అది మారింది. 2017లో అక్కడ సింథటిక్ ట్రాక్ వచ్చింది. నా దృష్టిలో ట్రాక్ కంటే ముఖ్యమైనది మరొకటుంది. బస, భోజనం, చదువు, సాధన అన్నీ ఒకేచోట. గంజి తాగి పరుగెత్తిన మనిషి పెట్టిన బడిలో వంటగదికి విలువ ఉండడంలో ఆశ్చర్యం లేదు.

ఆ బడి తొలి పిల్లల్లో ఒకరు టింటూ లూకా. 1989లో పుట్టిన ఆ అమ్మాయి 2010లో స్ప్లిట్ నగరంలో 800 మీటర్లు 1 నిమిషం 59.17 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు సాధించింది. అంటే బడి మొదలైన ఎనిమిదేళ్ళకు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సెమీ ఫైనల్ దాకా వెళ్ళింది, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది. విమర్శలూ లేకపోలేదు. టింటూ ముందే ఉరికి చివర్లో వెనకబడుతోందని, స్ప్రింటర్ చేతిలో పెరగడం వల్లే ఇలా జరుగుతోందని కొందరన్నారు. 2010 గ్వాంగ్‌జౌలో అలాగే ముందుండి చివరకు కాంస్యంతో సరిపెట్టుకుంది కూడా. ఆ విమర్శలో కొంత పస ఉందనే నాకూ అనిపిస్తుంది. అయినా ఒక పల్లెటూరి పిల్లను ఎనిమిదేళ్ళు ఓపికగా పెంచి ఒలింపిక్స్‌కు తీసుకెళ్ళడం చిన్న పనా? 2022లో ఉష రాజ్యసభ సభ్యురాలైంది, ఆ ఏడాది డిసెంబరులో భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలైంది. నేనైతే ఆ పదవులకంటే కినాలూరునే ముందు చెబుతాను. మరో సంగతి, ఉష పేరిట ఉన్న ఆ 55.42ను మన దేశంలో మరో అమ్మాయి అందుకోవడానికి 39 ఏళ్ళు పట్టింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో తమిళనాడు అమ్మాయి విద్యా రామ్‌రాజ్ సరిగ్గా అంతే సమయంలో పరుగెత్తింది.

ఎనిమిదేళ్ళ ఓపిక మన ఊళ్ళలో కొరవడుతోంది. పదేళ్ళ పిల్ల మండలంలో మొదటిది రాగానే పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఆదివారం కూడా సాధన. వారానికి ఎన్ని గంటలు సాధన చేయించవచ్చని అడిగితే ఒక సులువైన కొలత ఉంది. పిల్ల వయసెంతో అన్ని గంటలు దాటకూడదు. పన్నెండేళ్ళ పిల్లకు వారానికి పన్నెండు గంటలు, అందులో బడిలో ఆడే ఆటలు కూడా లెక్కే. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విరామం, రాత్రి కనీసం ఎనిమిది గంటల నిద్ర. పద్నాలుగేళ్ళలోపు పరుగు ఒక్కటే కాకుండా కబడ్డీ, ఖోఖో, ఈత, ఏదైనా ఆడనివ్వండి. ఒకే ఎముకమీద, ఒకే స్నాయువుమీద భారం పడకుండా ఉంటుంది.

ఇక పోటీ రోజు. పోటీకి మూడు గంటల ముందు ఇడ్లీలో ఉప్మానో, పప్పు కలిపిన మెత్తటి అన్నమో పెట్టండి. నూనె వేపుళ్ళు, పూరీలు వద్దు. గంట ముందు ఒక అరటిపండు, కొద్దికొద్దిగా నీళ్ళు. పరుగయ్యాక అరగంటలోపు పాలో, గుడ్డూ అన్నమో. గంజి పెట్టవచ్చా అంటారేమో, భేషుగ్గా పెట్టవచ్చు, కాకపోతే చిక్కగా కాచి, అందులో ఉడికించిన పెసరపప్పు కలిపి, పక్కన గుడ్డు పెట్టి ఇవ్వండి. పిల్ల ఎప్పుడూ తినని వంటకం ఏదీ పోటీ రోజున మొదటిసారి పెట్టకండి. పరాయి ఊరు పంపేటప్పుడు అక్కడి తిండి సయిస్తుందో లేదో చెప్పలేం కాబట్టి, బూట్లతోపాటు సంచిలో అటుకులు, వేయించిన వేరుశనగలు, నువ్వుల ఉండలు, నాలుగు రోజులకు సరిపడా కట్టి పంపండి.